నూనె అంటే నువ్వులదేనా?

"నువ్వులనూనె" అనకూడదు, నూనె అంటేనే నువ్వులది, ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టు అవుతుంది అని కొందరు వాదిస్తుంటారు కదా, అందులో సగం కరెక్టే. నువ్వు, నెయ్యి కలిసే నూనె అయింది. తమిళంలో ఎళ్ళు అంటే నువ్వులు, ఎళ్, నెయ్ కలిస్తే ఎణ్ణెయ్, కన్నడం వాళ్ళ ఎణ్ణె కూడా అదే. సంస్కృతం తైలం తీసుకున్నా తిలల నుంచి వచ్చిందే.

కానీ మాట ఎక్కడ పుట్టింది అనేది వేరు, ఇవాళ ఏం చెప్తోంది అనేది వేరు అండీ. కొట్టుకెళ్ళి ఒట్టి నూనె ప్యాకెట్ అంటే సన్‌ఫ్లవరో పామాయిలో చేతిలో పెడతాడు, నువ్వులది కావాలంటే నోరు తెరిచి చెప్పాల్సిందే. పుట్టుకే పట్టుకుని కూర్చుంటే వేరుశనగ నూనె, కొబ్బరినూనె, వేపనూనె అన్నీ తప్పులే అవ్వాలి, ఇక వాటిని ఏమనాలో అలా వాదించే పెద్దమనుషులే చెప్పాలి!

నాకు అసలు తమాషాగా అనిపించేది నెయ్యి. పాత తమిళంలో నెయ్ అంటే నూనె, కొవ్వు అన్నిటికీ చెల్లేది, మనకి మాత్రం వెన్న కాచిందే నెయ్యి. అంటే అందరిదీ అయిన మాట ఒకదానికే మిగిలింది, ఒక్క గింజ కోసం పుట్టిన మాట అన్నిటికీ పాకింది.

చమురు కూడా చూడండి. దీపంలో పోసేదీ చమురే, దివిటీలో పోసేదీ చమురే, ఆట కట్టినందుకు పైసా రాకపోగా దివిటీల ఖర్చు కూడా ఎదురు పెట్టుకుంటే చేతి చమురు భాగవతం అన్నారు. ఇప్పుడు పేపర్లో చమురు ధరలు అని హెడ్డింగ్ కనపడితే పెట్రోల్ బంకే గుర్తొస్తుంది, పోపు గరిటె కాదు. తైలమేమో మోకాళ్ళ దగ్గర ఆగిపోయింది. ఆముదానికి అసలు నూనె అనే తోకే అక్కర్లేదు, "ఆముదం తాగిన మొహం" అంటే చాలు.

ఇంకోటి, గోదావరి వైపు ఆవకాయకి పప్పునూనె అంటారు, అది నువ్వుపప్పుది, కొత్తవాళ్ళు వేరుశనగపప్పుది అనుకుంటారు. మంచినూనె అనే మాట కూడా ఉంది, కొందరికి అది నువ్వులదే, కొందరికి వంటలో పోసేది ఏదైనా సరే. మీ ఇళ్ళల్లో ఏదో, ఏ జిల్లానో కూడా రాయండి.