ఉప్పు తేలిన పొలానికి జీలుగ, గత్తం: చేసి చూసినవాళ్లు చెప్పండి

బాహుదా ఒడ్డు: మాది గంజాం జిల్లా, బాహుదా సముద్రంలో కలిసే వైపు. ఎండాకాలం వస్తే గట్ల వెంట తెల్లగా ఉప్పు తేలుతోంది. వాన పడి ఆరితే నేల పెచ్చు కడుతోంది, నాటిన నారు ఆకుల కొసలు మాడుతున్నాయి. మట్టి పరీక్షలో పీహెచ్ (నేల క్షారగుణం) 8.1, ఈసీ (ఉప్పు మోతాదు) 6 వచ్చింది. పశువుల గత్తం వేస్తే నేల గుల్లబారుతుందా?

ఇచ్ఛాపురం రైతు: ఈసీ 4 దాటి, పీహెచ్ 8.5 లోపు ఉంటే పాలచౌడు, అంటే ఉప్పు నేల, తమ్ముడూ. మా పొలాన్ని మార్చింది జీలుగ పచ్చిరొట్ట ఎరువే. ఎకరాకి 12 కిలోలు తొలకరిలో చల్లి, పూత మొదట్లో లేతగా ఉండగానే కలియదున్నాం. ముదిరితే కాడ తొందరగా చివకదు. ఇదివరకు పార దిగని గడ్డ ఇప్పుడు గుప్పిట్లో నలిపితే పొడిపొడిగా రాలుతోంది. లోపల వానపాముల బొరియలు కూడా కనిపిస్తున్నాయి.

బరంపురం బాబాయ్: జీలుగ మంచిదే. కానీ ఏ ఎరువైనా ఉప్పును మాయం చేయదు బాబూ. నేలను గుల్ల చేసి నీటికి దారిస్తుంది, అంతే. ఉప్పును కిందికి దించేది వాన నీరు. గట్లు ఎత్తు చేసి నీళ్లు నిలబెట్టాలి, ఆ ఉప్పునీరు పోవడానికి మురుగు కాలువ ఉండాలి. కాలువ లేకపోతే ఎన్ని బళ్ల గత్తం తోలినా ఎండలకి ఉప్పు మళ్లీ పైకొస్తుంది. ఇంకో మాట, పెచ్చు కడుతోందంటే సోడియం మీద నాకు అనుమానం. ఈఎస్పీ, అంటే మట్టి పట్టి ఉంచుకున్న సోడియం శాతం, అది కూడా చూపించు. 15 దాటితే జిప్సం వేయక తప్పదు.

కవిటి కోడలు: మా ఉద్దానంలో కొబ్బరి పొట్టు కుప్పలుగా ఉంటుంది. వేయొచ్చా బాబాయ్?

బరంపురం బాబాయ్: పచ్చిది వద్దమ్మా. పొట్టులోనే సోడియం, పొటాషియం ఉప్పులుంటాయి. మంచినీళ్లతో కడిగి, పేడ కలిపి బాగా కుళ్లాక వేసుకో. లేకపోతే నేలలోని నత్రజని లాగేసి పైరు పసుపెక్కుతుంది. కోళ్ల ఎరువులోనూ ఉప్పు ఎక్కువే, చూసి వాడాలి.

బాహుదా ఒడ్డు: ఈఎస్పీకి మట్టి పంపిస్తాను బాబాయ్. ఈలోగా వరి ఏ రకం వేయమంటారు?

ఇచ్ఛాపురం రైతు: కటక్ వరి పరిశోధన సంస్థ వాళ్ల లూణా సువర్ణ అడుగు. తీరంలోని ఉప్పు నేలల కోసం తెచ్చిన రకమే. పంటకాలం ఎక్కువ, అందుకని జీలుగ ఆలస్యం చేయకు. నారు మాత్రం ఉప్పు లేని మడిలో పోసి, కాస్త ముదరనిచ్చి నాటు. లేత నారే ముందు మాడిపోతుంది.