వెన్నుపాముకి స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామంటున్నారు, తోట తాకట్టు పెట్టొచ్చా?

రాజోలు కుర్రోడు:
మా బావ కొబ్బరి దింపు పని చేస్తాడండి. పోయిన వానల్లో కాలు జారి చెట్టు మీంచి పడ్డాడు. నడుం దగ్గర వెన్నుపూస చితికింది. కాకినాడలో ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు గానీ నడుం కింద స్పర్శ లేదు, ఒంటేలు తెలియడం లేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సెంటర్ వాళ్లు తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని స్టెమ్ సెల్స్ వెన్నులోకి ఎక్కిస్తామంటున్నారు. సిట్టింగుకి రెండున్నర లక్షలు, కనీసం మూడు సిట్టింగులట. పేషెంట్లు లేచి నడుస్తున్న వీడియోలు వాట్సాప్‌లో పంపారు. మా అక్క అరెకరం తోట తాకట్టు పెడతానంటోంది. వాళ్లకున్నది అదొక్కటే. చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

భీమవరం రొయ్య:
నాకు చేశారు, కంటికి. చెరువులో సున్నం చల్లుతుంటే గాలి తిరిగి కంట్లో పడింది. నల్లగుడ్డు మీద పొర కమ్మేసింది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్‌లో రెండో కంటి నల్లగుడ్డు అంచు నుంచి చిన్న ముక్క తీసి ఇందులో పెట్టారు. ఇప్పుడు పేపర్ చదువుతున్నా. స్టెమ్ సెల్స్ అంటే అంతా మోసం అనకండి బాబూ.

అమలాపురం ఫిజియో:
రొయ్య గారూ, మీకు చేసింది రుజువైన పద్ధతే. నల్లగుడ్డు పైపొరను పుట్టించడమే ఆ అంచులో ఉండే స్టెమ్ సెల్స్, అంటే మూలకణాల పని. సున్నం వాటిని కాల్చేస్తే డాక్టర్లు అవే కణాల్ని మళ్లీ నాటారు. బ్లడ్ క్యాన్సర్‌కి, తలసీమియాకి మూలుగ మార్పిడీ అంతే, మూలుగ పని రక్తం తయారుచేయడం కదా. దాన్నే వెన్నులోకి ఎక్కిస్తే తెగిన నరాలు అతుక్కుంటాయని ఇంతవరకూ రుజువు కాలేదు.

తమ్ముడూ, ఆ వీడియోల సంగతి చెప్తా. దెబ్బ తగిలిన కొత్తలో వెన్నుపాము వాచి ఉంటుంది. వాపు తీసేకొద్దీ కొందరికి, ముఖ్యంగా నరం పూర్తిగా దెబ్బతిననివాళ్లకి, మొదటి ఏడాదిలో కొంత కదలిక దానంతటదే వస్తుంది. సరిగ్గా ఆ టైములో సూది వేసి, రోజూ ఫిజియో చేయించి, పేరు మాత్రం సూదికి కట్టబెడతారు. నా దగ్గరికొచ్చే దింపు కార్మికుల్లో ఏ సూదీ లేకుండా కాలిపర్స్‌తో, అంటే కాళ్లకి కట్టే ఊతపట్టీలతో నడిచినవాళ్లున్నారు. సూదికి పొలం అమ్ముకుని ఇంకా మంచాన ఉన్నవాళ్లూ ఉన్నారు.

దేశంలో వైద్య పరిశోధనల్ని చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాముకి దీన్ని పరిశోధనగా మాత్రమే చేయాలి. పరిశోధనైతే సీటీఆర్ఐలో, అంటే మనుషుల మీద చేసే వైద్య ప్రయోగాల్ని నమోదు చేసే జాబితాలో, రిజిస్ట్రేషన్ నంబరుండాలి, పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఫోన్ చేసి ఆ నంబరు అడుగు. సిట్టింగు రేటు చెప్పినవాడు ఏమంటాడో నాకూ వినాలనుంది.

ఈలోగా బావగారిని రెండు గంటలకోసారి పక్క మార్చండి. పిరుదులు, మడమలు ఎర్రబడ్డాయేమో రోజూ చూడండి. ఈ దెబ్బ తగిలినవాళ్ల ప్రాణం మీదికి తెచ్చేవి పడకపుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్. సన్న గొట్టంతో నాలుగైదు గంటలకోసారి తనే మూత్రం తీసుకోవడం నేర్చుకోవచ్చు. డబ్బు పెట్టాలనుంటే వెల్లూరు సీఎంసీ పునరావాస కేంద్రానికి తీసుకెళ్లండి. అది 1966 నుంచి ఉంది. దాని వెనకున్న డాక్టర్ మేరీ వర్గీస్‌కి కూడా యాక్సిడెంట్‌లో కాళ్లు పడిపోయాయి, చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసేవారావిడ.

వైకల్యం ఎంతో చూసి ఇచ్చే సదరం సర్టిఫికెట్ తీశారా? మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే పింఛను నెలకి 15,000.

రాజోలు కుర్రోడు:
ఫోన్ చేశానండి. ముందు అడ్వాన్స్ కట్టండి, కాగితాలు తర్వాత చూపిస్తాం అన్నారు. అక్కకి స్పీకర్‌లో వినిపించాను, తాకట్టు మాట ప్రస్తుతానికి ఆపింది. సదరం తీయలేదు. ఎక్కడికెళ్లాలి?

అమలాపురం ఫిజియో:
మీ సచివాలయంలో స్లాట్ బుక్ చేయించు. ఆధార్, డిశ్చార్జి కాగితం, ఎంఆర్‌ఐ రిపోర్టు పట్టుకెళ్లు.