ముందు బ్రేకు అంటే భయం ఎలా పోగొట్టుకున్నారు?

పల్నాడు_రైడర్:
పోయిన నెల నరసరావుపేట దగ్గర గేదె అడ్డం వచ్చింది. నేను బైకు మీద 55 స్పీడులో ఉన్నాను. కంగారులో వెనక బ్రేకు బలంగా తొక్కేశాను. చక్రం లాకై బండి పక్కకి జారింది. మోచేయి, మోకాలు కొట్టుకుపోయాయి. సైకిల్ నేర్చుకునే రోజుల నుంచీ "ముందు బ్రేకు పట్టావంటే పల్టీ కొడతావు" అనే మాట విన్నాను. అది ఇంకా వేళ్లలో ఉంది. ఆ భయం ఎలా పోవాలి?

నల్గొండ_150:
అన్నా, ముందు దెబ్బలు మాననివ్వు. నాకూ ఇదే భయం ఉండేది. బ్రేకు పడగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, వెనకది తేలికై జారిపోతుంది. అందుకే బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. బ్రేకు లివర్‌ని ఒక్కసారిగా గుంజితేనే ప్రమాదం. మొదట మెల్లగా పట్టు, ముందు షాక్ అబ్జార్బర్లు కిందికి దిగాక నిమ్మకాయ పిండినట్టు గట్టిగా పిండు. చూపు దూరంగా, హ్యాండిల్ నిటారుగా ఉండాలి.

నేను ఆదివారం పొద్దున్నే ఖాళీ సిమెంటు రోడ్డు మీద సున్నంతో గీత గీసుకుని, 40 స్పీడులో వచ్చి గీత దగ్గర బ్రేకు వేసేవాణ్ణి. వెనక బ్రేకు ఒక్కటే వేస్తే 25 అంగలు పట్టింది. రెండూ కలిపి వేయడం అలవాటయ్యాక 14. ఆ తేడా కళ్లతో చూశాకే భయం పోయింది.

వైజాగ్_అమ్మాయి:
దయచేసి 40తో మొదలుపెట్టకండి. 20, తర్వాత 30. స్పీడు రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం దాదాపు నాలుగింతలవుతుంది. హెల్మెట్, గ్లవ్స్, బూట్లు తప్పనిసరి. నా బండికి ముందు చక్రానికే ఏబీఎస్ (బ్రేకు వేసినా చక్రం లాక్ కాకుండా చూసేది) ఉంది. మొదటిసారి లివర్ టకటకా కొట్టుకుంటే ఏదో విరిగిందనుకుని వదిలేశాను. వదలకూడదు, అలాగే పట్టుకోవాలి. వెనక చక్రం మాత్రం ఇప్పటికీ లాక్ అవుతుంది, అక్కడ కాలు సుతారంగా ఉండాలి.

గోదావరి_బుల్లెట్:
ముప్పై ఏళ్లుగా నడుపుతున్నాను బాబూ. కోతల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, దాని మీద ఏ బ్రేకూ పనిచేయదు. కనబడగానే, తారు మీద ఉండగానే వేగం తగ్గించుకో. ధాన్యం మీదికి వెళ్లాక బ్రేకు ముట్టుకోకుండా నేరుగా పోనివ్వు. ఇంకోటి, ఆ గేదె వైపే చూస్తూ ఉన్నావా? కన్ను ఎటుంటే బండి అటే పోతుంది. ఖాళీ ఉన్న వైపు చూడడం కూడా ప్రాక్టీసే.

పల్నాడు_రైడర్:
నిజమేనండీ, దాని కొమ్ముల మీద నుంచి చూపు తిప్పలేకపోయాను. ఈ రోజు పొద్దున మార్కెట్ యార్డు వెనక ఖాళీ రోడ్డుకి వెళ్లాను. 30 స్పీడులో మొదటిసారి 14 అంగలు, పదిహేనోసారికి 9. క్లచ్ పట్టడం మర్చిపోయి రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. వచ్చే ఆదివారం 40. మా ఆవిడ వెనక కూర్చుంటే దూరం ఎంత మారుతుందో, అదీ ఎప్పుడు చూడాలి?

నల్గొండ_150:
ఒక్కడివే 40లో పదిసార్లు తడబడకుండా ఆగాక. అప్పుడు కూడా వదినతో 20 నుంచే మొదలుపెట్టు అన్నా.