పాత ఎల్‌సీడీ బొమ్మల తరహా మొబైల్ గేమ్: కదలిక, బటన్ల గురించి సలహా కావాలి

నమస్కారం అండీ. 1980లో నింటెండో ‘బాల్’తో మొదలుపెట్టిన గేమ్ అండ్ వాచ్ అనే, చేతిలో పట్టుకుని ఆడే చిన్న ఎల్‌సీడీ గేమ్ బొమ్మలంటే నాకు ప్రాణం. గున్‌పే యొకోయి రూపొందించిన ఆ తెరల్లో బొమ్మ ఎక్కడెక్కడ కనబడాలో ఆ ఆకారాలన్నీ ముందే అచ్చయి ఉంటాయి. ఒకటి మాయమై పక్కది నల్లగా తేలుతుంది, అదే కదలిక.

ఆ పద్ధతిలోనే గోడో (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్)లో ఒక ఆండ్రాయిడ్ గేమ్ చేస్తున్నాను. మూడు కొమ్మల నుంచి మామిడికాయలు రాలుతుంటే కింద చిక్కంతో పట్టుకోవాలి. ఒక్కో కాయ ఐదు అంచెల్లో కిందికొస్తుంది, ప్రతి అంచెకూ చిన్న ‘టిక్’.

ఆడి చూసిన స్నేహితులేమో “ఫోన్ హ్యాంగ్ అవుతోందా?” అని అడుగుతున్నారు. మధ్యలో స్మూత్ యానిమేషన్ పెడితే ఆ అందమే పోతుంది, కాబట్టి అది వద్దు. పాత తెరలో ఆకారం ఠక్కున పోదు, కాస్త మసకబారి పోతుంది. ఫోన్‌లో ఆ మసక ఎన్ని మిల్లీసెకన్లు ఉంటే బాగుంటుంది? మూడు కాయలూ ఒకేసారి కదలాలా, వంతులవారీగానా? వంతులైతే చెవితోనే లయ అందుతుందని నా నమ్మకం.

ఇంకొకటి, బటన్లు. రబ్బరు బటన్ అయితే చూడకుండానే వేలికి తెలిసేది. గాజు మీద చూపు తెర నుంచి కిందికి పోతోంది, కాయ జారిపోతోంది. వైబ్రేషన్ పెట్టాను, కానీ అది నొక్కాక కదా వచ్చేది. తెరను ఎడమ, కుడి సగాలుగా విడదీసి ఎక్కడ నొక్కినా పనిచేసేలా చేస్తే సరిపోతుందా? ఇలాంటివి చేసినవాళ్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి.