కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినే కంపెనీలో సలహా ఇచ్చే డాక్టర్లకు వాటా ఉండొచ్చా?

కొండాపూర్ కోడర్
మాది హైదరాబాద్‌లో చిన్న కంపెనీ. గర్భిణి పొట్ట మీద అంటించే ప్యాచ్ తయారుచేస్తున్నాం. బిడ్డ గుండె వేగం, తల్లి గుండె వేగం, నొప్పులు వచ్చే తీరు మూడూ ఒకే స్క్రీన్ మీద కనిపిస్తాయి. ట్రేస్ (గుండె వేగం, నొప్పులు చూపించే గీత) తేడాగా ఉంటే సాఫ్ట్‌వేర్ అలర్ట్ ఇస్తుంది.

ఇప్పుడు నిపుణుల సలహా మండలి పెడుతున్నాం. ఇద్దరు గైనిక్ ప్రొఫెసర్లు, ఒక నియోనేటాలజిస్ట్ (అప్పుడే పుట్టిన పిల్లల డాక్టర్), అమెరికాలో హైరిస్క్ ప్రెగ్నెన్సీలు చూసే ఒక తెలుగు డాక్టర్, లైసెన్సింగ్ వ్యవహారాలు తెలిసిన ఒకాయన. అందరికీ ఫీజు బదులు కంపెనీలో అర శాతం చొప్పున వాటా. మా ఫౌండర్ వాదన ఒకటే: చేతిలో డబ్బు లేదు, వాటా ఉంటేనే పెద్దవాళ్లు మనసుపెట్టి పనిచేస్తారు. నాకెందుకో తేడా కొడుతోంది. ఆ ప్రొఫెసర్ల ఆసుపత్రుల్లోనే మా ప్యాచ్ ట్రయల్ కూడా జరగబోతోంది. ఇది మామూలేనా? తిట్టినా పర్లేదు, సూటిగా చెప్పండి.

గుంటూరు గైనిక్
ఇందులో తప్పేముంది బాబూ? డాక్టర్ సలహా లేకుండా తయారైన పరికరాలు మా దగ్గరకు డెమోకి వస్తుంటాయి. స్క్రీన్ ధగధగలాడుతుంది, బెల్ట్ మాత్రం తొమ్మిదో నెల పొట్ట మీద నిలబడదు. సలహా ఇవ్వాలంటే ఓపీ మానుకుని రావాలి. ఊరికే రమ్మంటే ఎవరొస్తారు?

అసలు ఈ రంగం పుట్టిందే డాక్టర్ల చేతుల్లో. అమెరికాలో యేల్ యూనివర్సిటీ డాక్టర్ ఎడ్వర్డ్ హాన్ బిడ్డ గుండె వేగాన్ని మెషిన్‌తో గమనించడం గురించి 1958లో రాశారు. ఉరుగ్వేలో కాల్దేరో-బార్సియా, జర్మనీలో హమ్మాకర్ అదే పనిలో ఉన్నారు. 1968లో హ్యూలెట్ ప్యాకర్డ్ అమ్మకానికి పెట్టిన మెషిన్ హమ్మాకర్ పని మీద ఆధారపడిందే. ఆక్స్‌ఫర్డ్‌లో డాస్, రెడ్‌మన్ కూర్చుని వేల ట్రేస్‌లు కంప్యూటర్‌కు ఎక్కించబట్టే ఇవాళ గుండె వేగంలో కంటికి ఆనని హెచ్చుతగ్గులను మిల్లీసెకన్లలో కొలుస్తున్నాం. పైగా ఆ లెక్క నొప్పులు మొదలుకాక ముందు తీసిన ట్రేస్‌కే పనికొస్తుంది, కాన్పు సమయంలో వాడకూడదు అని గీత గీసింది కూడా ఆ నిపుణులే. ఇంజినీర్లను వాళ్ల మానాన వదిలేస్తే ఆ గీత ఎవరు గీసేవారు?

లెక్కల మాస్టారు
మేడమ్, మీ చరిత్ర అంతా నిజమే. నా గొడవ కూడా అక్కడే మొదలవుతుంది. మెషిన్ 1968లో మార్కెట్లోకి వచ్చింది. 1970ల్లో చిన్నచిన్న పరీక్షలు జరిగాయి. దాదాపు 13 వేల మంది తల్లులతో డబ్లిన్‌లో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చింది 1985లో. అప్పటికే లేబర్ రూముల్లో ఈ మెషిన్ పాతుకుపోయింది. ఆ ఫలితం చూడండి: నిరంతరం మానిటర్ పెట్టినవాళ్లలో పుట్టిన బిడ్డలకు ఫిట్స్ సగానికి తగ్గాయి, అది మంచిదే. మరణాలు తగ్గలేదు. పిల్లలకు నాలుగేళ్లు వచ్చాక చూస్తే సెరిబ్రల్ పాల్సీలోనూ (మెదడు దెబ్బతిని కదలికలు కుంటుపడే సమస్య) తేడా లేదు.

తర్వాత, వైద్య పరీక్షల ఫలితాలు కలిపి విశ్లేషించే కాక్రేన్ సంస్థ వాళ్లు 13 పరీక్షలు, 37 వేలకు పైగా తల్లుల వివరాలు కలిపి చూసినా అదే కథ. పైపెచ్చు మానిటర్ పెట్టినవాళ్లలో సిజేరియన్లు సుమారు 60 శాతం ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న తల్లికి మామూలు కాన్పులో నిరంతర సీటీజీ (బిడ్డ గుండె వేగం, నొప్పులు గీసే మానిటర్) వద్దనీ, మొదటి దశలో 15 నుంచి 30 నిమిషాలకోసారి, బిడ్డ బయటికొచ్చే దశలో 5 నిమిషాలకోసారి డాప్లర్ అనే చిన్న చేతి మెషిన్‌తోనో, చెవికి ఆనించుకునే గొట్టంతోనో వింటే చాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది అందుకే.

అంటే నిపుణులు లేక కాదు, 'ముందు పరీక్షించండి, తర్వాత అమ్మండి' అని అడ్డుపడే నిపుణుడు లేక ఈ పరిస్థితి వచ్చింది. వాటా ఉన్నవాడు ఆ మాట అనగలడా అన్నదే నా ప్రశ్న.

గుంటూరు గైనిక్
ఆ 60 శాతం అంకె చూపించి మమ్మల్ని దొంగల్లా చూడటం నాకు నచ్చదు. తెలంగాణలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటులో అయితే 81.5. ఏపీలో 42.4. దేశం మొత్తం మీద 21.5. ఇదంతా మానిటర్ చేసిన పనా? ముహూర్తం రాసుకొచ్చే మామగారు, నొప్పులంటే భయపడే అమ్మాయి, మొదటిది ఆపరేషన్ కాబట్టి రెండోదీ ఆపరేషనే అనే మేము, బిల్లు, అన్నీ ఉన్నాయి. మంచి పరికరం వస్తే, బిడ్డ బాగానే ఉంది ఇంకో గంట చూద్దాం అని ధైర్యంగా చెప్పగలుగుతాం.

లెక్కల మాస్టారు
సరిగ్గా ఆ ఆశ మీదే ఒక పరికరం వచ్చింది మేడమ్. ఆక్సీఫస్ట్ అని. కాన్పు సమయంలో లోపలికి పంపి బిడ్డ చెంపకు ఆనించే సెన్సర్, బిడ్డ రక్తంలో ఆక్సిజన్ చూపిస్తుంది. బిడ్డ బాగానే ఉందని తెలిస్తే అనవసర సిజేరియన్లు తగ్గుతాయని వాదన. అమెరికాలో మందులు, పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2000లో అనుమతి ఇచ్చింది. మొదటి పరీక్షలో బిడ్డ గుండె తేడాగా ఉందని చేసే ఆపరేషన్లు తగ్గాయి, కానీ కాన్పు ముందుకు సాగడం లేదని చేసేవి పెరిగి మొత్తం లెక్క అక్కడికే వచ్చింది. అప్పుడు అమెరికన్ గైనకాలజిస్టుల సంఘం దీన్ని వాడమని సిఫారసు చేయడానికి నిరాకరించింది. 2006లో 5 వేలకు పైగా తల్లులతో వచ్చిన పెద్ద పరీక్ష కూడా సిజేరియన్లు తగ్గలేదని తేల్చింది. ఆ పరికరం కనుమరుగైంది.

ఒక కంపెనీ ఆశ, ఒక మంచి ఆలోచన, నిజాయితీ గల పరిశోధకులు అన్నీ ఉన్నా తేలలేదు చూడండి. అక్కడ పేషెంట్లకు మేలు చేసింది 'ఇంకా ఆగండి' అన్నవాళ్లు.

త్వరలో నాన్న
మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా ఆవిడకి ఎనిమిదో నెల. ఇదంతా చదివాక టెన్షన్ పెరిగింది. మానిటర్ పెట్టించుకోవాలా వద్దా?

గుంటూరు గైనిక్
బీపీ, షుగర్, బిడ్డ ఎదుగుదల తక్కువ, ఉమ్మనీరులో తేడా, నొప్పులు తెప్పించే ఇంజెక్షన్ లాంటివి ఉంటే తప్పకుండా పెడతారు, పెట్టాలి కూడా. ఇవేవీ లేకపోతే మీ డాక్టర్‌ని అడగండి బాబూ, ఇక్కడి గొడవలు చూసి కాదు. బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే మాత్రం ఎవరి కోసమూ ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

డల్లాస్ నుంచి
అమెరికాలో డాక్టర్లు కంపెనీల నుంచి తీసుకున్న ఫీజులు, వాటాలు ఓపెన్ పేమెంట్స్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు. 2010లో వచ్చిన చట్టం అది. కాకపోతే మార్కెట్లో ఇంకా ఏమీ అమ్మని మీలాంటి స్టార్టప్‌లు దాని కిందకు రావు. కాబట్టి పరదేశం పేరు చెప్పి ధైర్యం తెచ్చుకోకండి.

ఇంకో మాట. మీ ఎన్నారై డాక్టర్ గారు ఎంత గొప్పవారైనా ఇక్కడ మేం చూసే ట్రేస్ నిమిషానికి 3 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. యూరప్‌లో చాలాచోట్ల 1 సెంటీమీటర్. 3కి అలవాటుపడిన కంటికి 1లో ఉన్న గుండె కదలికలు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తాయి. మీ స్క్రీన్ ఏ వేగంతో డిజైన్ చేశారో, అలర్ట్‌కి శిక్షణ ఇచ్చిన ట్రేస్‌లు ఎవరు చదివారో ముందు అడగండి. పెద్ద పేరు కన్నా అది ముఖ్యం.

నైట్ డ్యూటీ సిస్టర్
పెద్దలందరూ మాట్లాడారు కాబట్టి లేబర్ రూమ్ నుంచి ఒక మాట. కోడర్ గారూ, మీ ఐదుగురి లిస్టు రెండుసార్లు చదివాను. రాత్రి రెండింటికి ఆ ప్యాచ్ అంటించేది ఎవరు? ఆ ఐదుగురిలో ఒక్కరూ కాదు.

మా వార్డులో ఏం జరుగుతుందో చెప్తాను. తల్లి పక్కకు తిరగ్గానే బెల్ట్ జారుతుంది, స్క్రీన్ మీద అంకె పోతుంది. మళ్లీ జెల్ రాసి ప్రోబ్ జరుపుతాం, 130 కనిపిస్తుంది. అమ్మయ్య అనుకుంటారు అందరూ. కానీ ముక్కుతున్న తల్లి నాడి కూడా ఒక్కోసారి 130కి వెళ్తుంది. ఆ అంకె బిడ్డది కాకుండా తల్లిది కావొచ్చు. అందుకే స్క్రీన్ ఏం చెప్పినా నేను తల్లి మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెడతాను. రెండూ ఒకటే అయితే ప్రోబ్ తీసి మళ్లీ వెతుకుతాను. మా హెడ్ సిస్టర్ కొత్తగా వచ్చిన పిల్లలకు నేర్పే మొదటి పని ఇదే.

మీ ప్యాచ్ రెండూ కొలుస్తుంది అంటున్నారు, చాలా సంతోషం. రెండు అంకెలూ ఒక్కటైపోయినప్పుడు అది ఏం చేస్తుంది? మోగుతుందా, ఊరుకుంటుందా? మోగితే ఎన్నిసార్లు? ముగ్గురు పేషెంట్లకు నేనొక్కదాన్నే ఉన్నప్పుడు ప్రతి పది నిమిషాలకూ మోగే మెషిన్‌ని ఏం చేస్తామో మీకు తెలుసా? సౌండ్ తగ్గించేస్తాం. ప్రొఫెసర్ గారు మీ మీటింగ్‌లో ఈ మాట చెప్పరు, ఎందుకంటే ఆ సౌండ్ ఆయన వినరు.

కొండాపూర్ కోడర్
సిస్టర్, రెండూ కలిసిపోతే ఏం చేయాలన్నది మా డిజైన్ డాక్యుమెంట్లో లేదు. ఇప్పుడే వెతికాను.

లెక్కల మాస్టారు
అలర్ట్‌ల సంగతి ఎత్తారు కాబట్టి. బ్రిటన్, ఐర్లండ్‌లలో ఇన్‌ఫాంట్ అనే పరీక్ష జరిగింది, ఫలితాలు 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. సుమారు 46 వేల మంది తల్లులు. ట్రేస్‌ని సాఫ్ట్‌వేర్ చదివి సిబ్బందిని హెచ్చరిస్తే బిడ్డలకు మేలు జరుగుతుందా అన్నదే ప్రశ్న. సాఫ్ట్‌వేర్ ఉన్నచోటా లేనిచోటా చెడు ఫలితాలు సమానంగా, 0.7 శాతమే. బిడ్డ ఈసీజీని కూడా చదివే స్వీడన్ వాళ్ల స్టాన్ పద్ధతి చూసినా అంతే. 2001లో స్వదేశంలో బ్రహ్మాండంగా కనిపించింది. 2015లో అమెరికాలో 11 వేల మందితో చేస్తే తేడా రాలేదు.

సాఫ్ట్‌వేర్ మంచిదా కాదా అన్నది ఒక ఎత్తు. ఇన్‌ఫాంట్‌లో నాకు నచ్చింది వేరే. ప్రభుత్వ నిధులతో, విశ్వవిద్యాలయం వాళ్ల చేతిలో పరీక్ష జరిగింది, ఫలితం చేదుగా ఉన్నా అచ్చైంది. కోడర్ గారి కంపెనీలో సలహాదారే ట్రయల్ నడిపి, ఆయనకే వాటా ఉంటే ఆ చేదు ఫలితం బయటికొస్తుందా?

గుంటూరు గైనిక్
సరే, ఇక్కడ ఒప్పుకుంటాను. సలహా వేరు, ట్రయల్ వేరు. సొంత వాటా ఉన్న పరికరాన్ని సొంత వార్డులో పరీక్షించడం నేనూ సమర్థించను. రూల్స్ కూడా అలాగే ఉన్నాయి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళికి 2009 చివర్లో 6.8 నిబంధన చేర్చారు. కంపెనీకి డాక్టర్ సలహాదారుగా ఉండొచ్చు, కానీ పేషెంట్ ప్రయోజనం దెబ్బతినకూడదు, ఆ సంబంధం బహిరంగంగా తెలియాలి, ఉత్పత్తిని పబ్లిక్‌గా మెచ్చుకుంటూ ప్రచారం చేయకూడదు. 2023లో తెచ్చిన కొత్త నియమావళిని ఆ ఆగస్టులోనే పక్కన పెట్టారు కాబట్టి పాతదే లెక్క. మీ బ్రోషర్‌లో ప్రొఫెసర్ గారి ఫోటో, పక్కన 'నేను నమ్ముతున్నాను' అని వేయబోతుంటే ఇప్పుడే ఆపండి.

కానీ వాటా అన్నదే పాపం అనే వాదన మాత్రం ఒప్పుకోను. వాటా వద్దంటే ఫీజు ఇవ్వండి. ఫీజూ వద్దు, వాటా వద్దు, సేవ చేయండి అంటే చివరికి మిగిలేది ఖాళీగా ఉన్నవాళ్లే.

లెక్కల మాస్టారు
ఫీజుకు నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు మేడమ్. మీటింగ్‌కి ఇంత అని ఇస్తే, పరికరం అమ్ముడుపోయినా పోకపోయినా ఆయనకు అందేది అంతే. అంతవరకే నా పట్టు.

కొండాపూర్ కోడర్
నిన్న ఫౌండర్‌తో కూర్చున్నాను. ఆయనకు కోపం వచ్చింది, తర్వాత తగ్గింది. నేను రాసిచ్చినవి ఇవి. ట్రయల్ జరిగే ఆసుపత్రి డాక్టర్లు సలహా మండలిలో ఉండరు. ఉన్నవాళ్లకు మీటింగ్ ఫీజు, వాటా లేదు. ఎవరికి ఎంత ఇచ్చామో మా వెబ్‌సైట్లో పెడతాం. ట్రయల్ ఫలితం ఎలా వచ్చినా ప్రచురించే హక్కు ఆసుపత్రిదే అని ఒప్పందంలో రాస్తాం. ఇద్దరు నర్సులను, వీలైతే ఒక మిడ్‌వైఫ్‌ని తీసుకుంటాం. మొదటి రెండింటికి ఆయన ఇంకా ఊగిసలాడుతున్నారు, ఒక ఇన్వెస్టర్‌కి ప్రొఫెసర్ల పేర్లు ముందే చెప్పేశారట. నర్సుల సంగతికి మాత్రం వెంటనే సరే అన్నారు.

నైట్ డ్యూటీ సిస్టర్
వెంటనే సరే అన్నారంటే నాకు అనుమానమే. నర్సుకు ఫీజు ఎంత రాశారు?

కొండాపూర్ కోడర్
అది రాయలేదు సిస్టర్.

నైట్ డ్యూటీ సిస్టర్
డాక్టర్లకు గంటకు ఎంతో మాకూ అంతే రాయండి. మీటింగ్ పొద్దున పెట్టకండి, ఎనిమిదింటికి డ్యూటీ దిగి నిద్రపోతాం.