ఎర్త్ విండ్ అండ్ ఫైర్ పాటలు ఏడుగురి పెళ్లి బ్యాండుతో: ఏ కాలంవి పట్టాలి?

పాలకొల్లు_ట్రంపెట్
రెండు ట్రంపెట్లు, క్లారినెట్, ఆల్టో సాక్స్, యుఫోనియం (కింది స్వరాల ఇత్తడి బూర), సైడ్ డ్రమ్, బేస్ డ్రమ్. ఊరేగింపుకి కాదండి, రిసెప్షన్ స్టేజీ మీద వాయించడానికి. ఎర్త్ విండ్ అండ్ ఫైర్ అనే అమెరికా బృందం ఆల్బమ్‌లు 1971 నుంచీ ఉన్నాయి, ఒకటి జాజ్‌లా, ఇంకోటి డిస్కోలా. మా సెట్‌కి ఏవి నప్పుతాయి? వాళ్ల 'సెప్టెంబర్' పాట పడితే సాక్స్ తడబడుతోంది, మొత్తమ్మీద ఊపు రావట్లేదు. తప్పెక్కడ?

మండపేట_రికార్డులు
1975 నుంచి 1979 దాకా వచ్చినవి పట్టుకోండి.

ఆ బృందం పెట్టిన మారిస్ వైట్ చికాగోలో చెస్ రికార్డ్స్ స్టూడియో డ్రమ్మరు, తర్వాత 1966 నుంచి 1969 దాకా జాజ్ పియానిస్టు రామ్సే లూయిస్ ట్రియోలో వాయించాడు. అంటే జాజ్ అతనికి పునాది, సోల్ రోజువారీ పని. 1971లో వచ్చిన మొదటి రెండు ఆల్బమ్‌లు వినడానికి బావుంటాయి గానీ పెళ్లి జనం ముందు నిలబడవు. ఆ మొదటి బృందం విడిపోయాక, 1972లో గాయకుడు ఫిలిప్ బెయిలీ వచ్చాడు. కొలంబియా కంపెనీకి మారారు. పైన బెయిలీ సన్న గొంతు, కింద మారిస్ గొంతు, మధ్యలో ఊదే వాద్యాలకి, అంటే హార్న్స్‌కి ఖాళీ. 1975లో 'దట్స్ ద వే ఆఫ్ ద వరల్డ్' ఆల్బమూ, అందులోని 'షైనింగ్ స్టార్' పాటా రెండూ అమెరికాలో ఒకటో స్థానానికి వెళ్లాయి. అప్పటి అరేంజ్‌మెంట్ల వెనుక చార్ల్స్ స్టెప్నీ ఉన్నాడు. ఆయన 1976లో పోయాడు.

మీరు చెవి పెట్టాల్సింది వాళ్ల ఊదే జట్టు ఫీనిక్స్ హార్న్స్ మీద. డాన్ మైరిక్ సాక్స్, లూయిస్ సాటర్‌ఫీల్డ్ ట్రాంబోన్, రామ్లీ మైఖేల్ డేవిస్, మైఖేల్ హారిస్ ట్రంపెట్లు. నలుగురే! మీ దగ్గరా నలుగురున్నారు, ట్రాంబోన్ చోట యుఫోనియం. 1983 నాటికి సింథసైజర్ల మోత పెరిగింది, అది మీకు పనికిరాదు. కొన్నాళ్లు ఆగి 1987లో మళ్లీ వచ్చారు, కానీ మీ పనికి ఆ ముందువే చాలు.

అమలాపురం_సాక్స్
సాక్స్ కుర్రాణ్ణి తిట్టకండి, తప్పు శృతిది. 'సెప్టెంబర్' A మేజర్‌లో ఉంది, అంటే ఆరు శృతి. గిటార్‌కి హాయి. మన ఊదే వాద్యాలకి రాసే స్వరం ఒకటి, పలికేది ఇంకోటి. ట్రంపెట్‌కి రాతలో అయిదు షార్పులు, ఆల్టోకి ఆరు. పైగా ఆ స్కేల్లో జీ షార్ప్ కీ మాటిమాటికీ తగులుతుంది. మన వానాకాలం తేమకి అంటుకునే ప్యాడ్ కూడా అదే. సిగరెట్ కాగితం ప్యాడ్ కింద పెట్టి మెల్లగా నొక్కి వదలండి. లాగకండి, తోలు చిరుగుతుంది.

ఆరున్నరకి, అంటే బి ఫ్లాట్ మేజర్‌కి ఎత్తండి. ట్రంపెట్, క్లారినెట్ సీ మేజర్‌లోకి, ఆల్టో జీ మేజర్‌లోకి వచ్చేస్తాయి. ఫోనులో రికార్డు పెట్టి సాధన చేస్తే యాప్‌లో పిచ్ ఒక మెట్టు పెంచుకోవడం మర్చిపోకండి.

అందరూ ఒకే వరస ఊదడం మన బ్యాండ్ల అలవాటు. ఇక్కడ అది చెడగొడుతుంది. మొదటి ట్రంపెట్ ప, రెండోది గ, ఆల్టో స, యుఫోనియం మంద్ర స. ఇది మామూలు మేజర్. ఆల్టోని స నుంచి కాకలి నిషాదానికి దించండి, రాతలో ఎఫ్ షార్ప్. వెంటనే జాజ్ వాసన వస్తుంది. యుఫోనియం మాత్రం ఒక స్థాయి కిందే ఉండాలి, పక్కకొస్తే స, ని రాసుకుని గరగరలాడతాయి. క్లారినెట్‌కి మైకిచ్చి గొంతు వరస అప్పగించండి. ఆ వరస నడిచేటప్పుడు మిగతా నలుగురూ నోరు కట్టుకోవాలి, ఆయ్!

రావులపాలెం_రిథమ్
ఊపు పోయేది అక్కడే కాదండి. సైడ్ డ్రమ్ గలగలా నింపేస్తుంటే హార్న్స్ దెబ్బ వినపడదు. నాలుగు దెబ్బల్లో సైడ్ డ్రమ్ రెండు, నాలుగు మీదే, బేస్ డ్రమ్ నాలుగింటి మీదా. మధ్యలో రోల్ వద్దు.

దెబ్బకొక 'తకధిమి' చెప్పుకోండి. 'ధి' దగ్గర పడే స్వరాన్ని 'దత్' అని నాలుకతో తెంపాలి. ఆలస్యమైతే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, ముందున్న ఖాళీలోనే ఊపిరి తీసుకుంటారు. ఒక దెబ్బ ముందే తీసుకోండి. మెట్రోనోమ్ 84 దగ్గర మొదలెట్టి, నాలుగేసి పెంచుతూ 126 దాకా పోండి. తొందరపడితే 'దత్' కాస్తా 'దాఆ' అవుతుంది.

పది నిమిషాలు ఊదాకే శృతి చూసుకోండి. ఇత్తడి వేడెక్కితే శృతి పైకి పోతుంది.

పాలకొల్లు_ట్రంపెట్
చాలా థాంక్సండి. మారిస్ వాయించిన కలింబా (బొటనవేళ్లతో మీటే రేకుల వాద్యం) కూడా పెడదామనుకుంటున్నాం. ఆన్‌లైన్లో 17 రేకులది దొరుకుతోంది.

అమలాపురం_సాక్స్
అది సీ మేజర్‌లో వస్తుంది, మీ ఆరున్నరకి కలవదు. రేకుని బయటికి లాగితే శృతి తగ్గుతుంది, కానీ 17 రేకులూ ఒక స్వరం దించాలంటే ఓ పూట పడుతుంది, కొన్ని జిర్రుమంటాయి. దాన్ని ఒంటరిగా, పాటకి ముందు ఒకటో శృతిలోనే వాయించి, చివరి స్వరం ఆగాక డ్రమ్ ఎత్తుకోండి. పెట్టె వెనక అంటించే పికప్ మైకు తప్పనిసరి, లేదంటే మొదటి వరస కుర్చీల దాకా కూడా వినపడదు.