‘ఊచకోత’ క్రీడల పేజీలో ఉండవచ్చా?

నిత్యపాఠకురాలు:
ఐపీఎల్ రోజుల్లో క్రీడల పేజీ తెరిస్తే ‘బౌలర్ల ఊచకోత’ లాంటి శీర్షిక తరచూ ఎదురవుతుంది. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో జరిగినదానికీ మన పత్రికలు వాడే మాట అదే. కారంచేడు (1985), చుండూరు (1991) హత్యలకూ అదే. సిక్సర్లు తిన్న బౌలర్ మర్నాడు మళ్లీ బంతి పట్టుకుంటాడు. ఈ వాడుకను పత్రికలు మానుకోవాలని నా వాదన. మీరేమంటారు?

క్రీడల డెస్కు:
ఆ పేజీలో పనిచేసినవాడిగా అటువైపు మాట చెబుతాను. రాత్రి మ్యాచ్ ముగిసేసరికి పేజీ ప్రెస్సుకు వెళ్లే వేళ దగ్గరపడుతుంది. రెండు కాలమ్‌ల వెడల్పులో ఇమిడే చిన్న మాట కావాలి, దానికి ఊపూ ఉండాలి. ‘ఊచకోత’ ఆ కొలతకు సరిపోతుంది. అది చదివి మైదానంలో ఎవరో చనిపోయారని ఏ పాఠకుడూ అనుకోడు. ‘చీల్చి చెండాడాడు’ అన్నా అంతే. ‘ప్రభంజనం’ అంటే పెనుగాలి. పార్టీ పెట్టిన ఏడాదిలోపే, 1983 జనవరిలో తెలుగుదేశం గెలిచిన తీరుకు ఆ మాట అతుక్కుపోయింది. ఇప్పుడు తుపాను వార్తల్లో ప్రభంజనం అని రాసేవారు అరుదు. భాష ఇలాగే పెరుగుతుంది.

నిత్యపాఠకురాలు:
ప్రభంజనం ఉదాహరణ నా వాదనకే బలమిస్తోందండీ. ఎన్నికలకు వాడి వాడి, అసలు గాలికి పనికిరాకుండా చేశాం. గాలికైతే పెనుగాలి ఉంది, ఈదురుగాలి ఉంది, పెద్ద నష్టం లేదు. మనుషులను మూకుమ్మడిగా చంపడాన్ని చెప్పే మాటలు మనకు ఎన్ని ఉన్నాయి? నరమేధం, మారణహోమం, మారణకాండ. మొదటి రెండింటిలో యజ్ఞం ఉంది. చంపినవాడు ఏదో క్రతువు చేసినట్లు, చనిపోయినవారు బలిపశువులైనట్లు వినిపిస్తాయి. చంపినవాడి చేతిలోని కత్తిని సూటిగా చూపించేది ‘ఊచకోత’. దాన్ని కూడా సిక్సర్లకు ఇచ్చేస్తే ఎలా?

కోర్టు విలేకరి:
మీరిద్దరూ క్రీడల పేజీ దగ్గరే ఆగిపోయారు. నాకు బాధ కలిగించేది మొదటి పేజీ. చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. ఇలాంటి వార్తల్లో మేము ‘ఘటన’, ‘ఉదంతం’ అని రాస్తుంటాం. ఎవరు చేశారో తేలకముందే తీర్పు చెప్పకూడదన్న జాగ్రత్త అది, వృత్తిలో అవసరమే. కానీ ‘ఊచకోత’ అన్న మాట ఫలానావాడు చేశాడని చెప్పదు, జరిగినదాన్ని చెబుతుంది. హత్యలకు ‘ఘటన’, బ్యాటింగ్‌కు ‘ఊచకోత’! ఒకే పత్రికలో, ఒకే రోజు ఇవి రెండూ కనిపించడం నాకు మింగుడుపడదు.

క్రీడల డెస్కు:
కోర్టు విలేకరి గారి మాటతో నాకు పేచీ లేదు. అయితే గీత ఎక్కడ గీయాలి? దాడి, పోరు, యుద్ధం, చిత్తు, బలి... ఆట భాషంతా ఇదే. అన్నీ తీసేస్తే స్కోరుబోర్డు మాత్రమే మిగులుతుంది.

నిత్యపాఠకురాలు:
గీత గీయవచ్చు. పోరులో, యుద్ధంలో ఇరువైపులా ఆయుధాలుంటాయి. ఓడేవాడికీ గెలిచే అవకాశం ఉంటుంది. ఆటకు ఆ పోలిక అతుకుతుంది. ఊచకోతలో ఆయుధం ఒకరి చేతిలోనే ఉంటుంది, ఎదుటివారికి తప్పించుకునే దారి ఉండదు. జలియన్‌వాలా బాగ్‌లో ఉన్నవే ఇరుకు దారులు. ప్రధాన ద్వారం దగ్గర సైనికులు నిలబడి 1,650 తూటాలు పేల్చారు. సిక్సరు ఇచ్చిన బౌలర్ తర్వాతి బంతికే వికెట్ తీయగలడు. అంటే పోలికగా కూడా ఈ మాట తప్పే.
ఇక ఊపు సంగతి. 2013 ఐపీఎల్‌లో పుణెపై క్రిస్ గేల్ 66 బంతుల్లో 175 పరుగులు చేశాడు, నాటౌట్. 17 సిక్సర్లు. సెంచరీకి 30 బంతులే పట్టాయి. ‘30 బంతుల్లో 100’ అన్న శీర్షికకు ఇంకే మాట తోడు కావాలి?

క్రీడల డెస్కు:
అలాంటి ఇన్నింగ్స్ ఏటా రాదు కదా. 25 బంతుల్లో 50 కొట్టినవాడి విషయంలో అంకె ఒక్కటే శీర్షికను లేపదు, మాటే లేపాలి. అక్కడ ‘చెలరేగాడు’, ‘విరుచుకుపడ్డాడు’, ‘ఉతికి ఆరేశాడు’ అని రాయగలను. ‘ఊచకోత’ వదులుకోవడానికి ఒప్పుకుంటున్నాను, దారి లేనివారి గురించి మీరు చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు. ‘విధ్వంసం’ మాత్రం వదలను. దాని మీద వేరే చర్చ పెట్టండి, వచ్చి వాదిస్తాను.